పురుగులకై తోటను కౌలుకు పుచ్చుకొన్న టీల్ గారు



ఈ నెల ఎరువులను గూర్చి గాని విత్తనములను గూర్చి గాని నేను వ్రాయుట లేదు. అమెరికా దేశమున తన ఆయుష్కాలములో అధికభాగము తోటలలోని చిన్న ప్రాణులను కనిపెట్టి చూచుచు, వాని ఛాయాచిత్రములు తీయుచు, వానిని గూర్చి పుస్తకములు వ్రాయుచు గడపిన ఎడ్విన్ వే టీల్ అను ప్రకృతి పరిశీలకుని గూర్చి వ్రాయుచున్నాను. దీనివలన మన చేలకు కలుగు ప్రయోజన మేమని కొందరడుగవచ్చును. జవాబు చెప్పుటకు ముందు నా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది.

నేను ఈ యుద్యోగమున క్రొత్తగా చేరిన దినములలో ఒక రైతు తన చిక్కుడు పాదులను చూపుటకు నన్ను తీసికొనిపోయెను. లేత కొనలనిండ నల్లని పేను పట్టియుండెను. ఆ పేను నడుమ మొసలిపిల్ల ఆకారము గలిగి, నల్లని యొడలిపై నారింజరంగు మచ్చలు గల చిన్న పురుగులు కొన్ని తిరుగుచుండెను. "అయ్యా, ఇదేమి పురుగు?" అని అతడడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పుట నా పదవికి చిన్నతనమని తోచి, "ఇదియు శత్రువే, రెండును చచ్చునట్లు మందు కొట్టుము" అని చెప్పితిని. అతడట్లే చేసెను. వారము దినములు పాదులు శుభ్రముగా నుండెను. మూడు వారములు గడచుసరికి పేను మొదటికంటె రెట్టింపుగా వచ్చెను. ఆ యేట అతనికి కాపు దక్కలేదు.

తరువాత కొంతకాలమునకు అటువంటి పురుగునే ఒక గాజుసీసాలో ఉంచి, పేను పట్టిన రెమ్మలు వేయుచు పెంచితిని. అది దినమెల్ల పేనునే తినెను. పిమ్మట సీసా గోడకంటుకొని ముడుచుకొనెను. కొన్ని దినములకు దానినుండి ఎఱ్ఱని అక్షింతల పురుగు వెలువడెను. ఏ పురుగు ఆ రైతు పాదులను కాపాడుచుండెనో దానినే నేను చంపించితిని. ఈ సంగతి అతనితో చెప్పుటకు నాకు రెండు మాసములు ధైర్యము చాలలేదు. చెప్పినప్పుడు అతడు కోపపడలేదు. "మీరు చూచి చెప్పినారనుకొంటిమయ్యా" అని మాత్రమనెను.

చూచి చెప్పుట యనగా నేమో నేర్చుకొనవలెనని అప్పటినుండి చదువ నారంభించిన పుస్తకములలో టీల్ గారివి కొన్ని. ఆయన చరిత్రమును క్లుప్తముగా వ్రాసెదను.

బాల్యము

టీల్ గారు 1899వ సంవత్సరము జూన్ 2వ తేదీన ఇలినాయి రాష్ట్రములోని జోలియట్ అను పట్టణమున జన్మించెను. తండ్రి రైలు కంపెనీలో యంత్రపు పనివాడు. తల్లి బడిపంతులమ్మ. పట్టణములోని యిల్లు ఆ బాలునికి రుచింపలేదు. మిచిగాన్ సరస్సునకు దక్షిణమున, ఇండియానా రాష్ట్రపు ఇసుక దిబ్బల చెంత అతని మాతామహుల పొలముండెను. దాని పేరు లోన్ ఓక్. వేసవి సెలవులన్నియు అక్కడనే గడచెడివి. తొమ్మిదవ యేట అతడు తాను ప్రకృతి పరిశీలకుడ నయ్యెదనని చాటుకొనెను. పండ్రెండవ యేట తన పేరులోని నడిమి భాగమును తీసివేసి, తల్లి పుట్టినింటివారి పేరైన 'వే' అను దానిని చేర్చుకొనెను.

ఆ పొలములోనే స్ట్రాబెరీ పండ్లు కోసి సంపాదించిన డబ్బుతో ఆ బాలుడు తన మొదటి పెట్టె కెమెరాను కొనుక్కొనెను. కూలి చేసిన కాసులతో కొన్న వస్తువును మనిషి ఎంత జాగ్రత్తగా వాడుకొనునో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆయన ఎర్ల్‌హామ్ కళాశాలలో చదివి, 1923లో నెల్లీ డోనవన్ అను నామెను వివాహమాడెను. కొలంబియా విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందెను. 1928లో న్యూయార్కు నగరమునందలి 'పాపులర్ సైన్స్' అను మాసపత్రికలో వ్రాతపనికి కుదిరెను. అక్కడ వ్రాయవలసినది యంత్రములను గూర్చి, క్రొత్తగా కనిపెట్టిన వస్తువులను గూర్చి. పొట్టకూటికి ఆ పని. మనస్సు మాత్రము పురుగులమీద.

పురుగుల హక్కు

టీల్ దంపతులు న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలెండ్ అను దీవిలో, బాల్డ్విన్ అను ఊర కాపురముండిరి. ఆ చెంత నొక పాత ఆపిల్ తోట యుండెను. టీల్ గారు ఆ తోట యజమానునితో నొక విచిత్రమైన ఒడంబడిక చేసికొనెను. తోటలోని పండ్లు తనకక్కరలేదు, గడ్డి యక్కరలేదు, కలప యక్కరలేదు. అందున్న పురుగులపై హక్కు మాత్రము తనకు కావలెను. దానికై యేటేట స్వల్పమైన కౌలు చెల్లించెను.

మనలో చేపల హక్కు వేలము పాడుదురు, చింతచెట్ల కాపు పాడుదురు, గడ్డి పాడుదురు. పురుగులకై కౌలిచ్చిన వానిని మన మెన్నడును ఎరుగము. ఇరుగుపొరుగువారు నవ్వకుండ నుందురా? అయినను ఆయన చేసిన పనిలో సేద్యగానికి తెలిసిన తెలివియే యున్నది. కాపు కావలెనన్న నేలను సిద్ధపరుపవలెను గదా. పురుగులకు ప్రియమైన పూలమొక్కలను, ఆకుమొక్కలను ఆయన నాటించెను. పొద్దుతిరుగుడు మొదలైనవి పెంచెను. సీతాకోక చిలుకలకు, తేనెటీగలకు, గొల్లభామలకు, కందిరీగలకు అది పుట్టినిల్లయ్యెను. పత్రికాఫీసుకు సెలవైన దినములలో ఆయన నివాసమంతయు ఆ తోటలోనే.

అక్కడ తీసిన చిత్రములతోను, వ్రాసికొన్న సంగతులతోను 1937లో 'గ్రాస్‌రూట్ జంగిల్స్' అను పుస్తకము వెలువడెను. గడ్డి మొదళ్లలోని యడవులని దాని భావము. 1940లో తేనెటీగలను గూర్చి 'ది గోల్డెన్ థ్రాంగ్' ప్రకటించెను. ఆ తోట చరిత్రమునే 'నియర్ హొరైజన్స్' అను పేర 1942లో ప్రకటింపగా, ప్రకృతి రచనలకిచ్చు జాన్ బరోస్ పతకము 1943లో దానికి లభించెను.

చిత్రము తీయు కష్టము

ఒక మిడుత చిత్రమును పుటనిండ తీయుటలో గల కష్టమును కొంచెము వివరించెదను. దానిలో మనము గ్రహింపవలసిన పాఠము గలదు.

కెమెరాను మనిషి యెదుట నిలిపినప్పుడు ముఖము, చెవులు, వెనుకనున్న గోడయు నించుమించుగా స్పష్టముగా వచ్చును. అదే కెమెరాను జానెడు దూరమున పురుగునకు చేర్చినచో, స్పష్టముగా వచ్చు మేర వెండ్రుకవాసి మాత్రమై పోవును. కన్ను తేటగా పడినచో కాళ్లు మసక. కాళ్లు తేటపడినచో కన్ను మసక. దీనికి మందు కెమెరా ద్వారమును సన్నము చేయుట. ద్వారము సన్నమైనచో వెలుగు చాలదు. వెలుగు చాలనిచో ద్వారమును ఎక్కువసేపు తెరచియుంచవలెను. అంతసేపును పురుగు కదలరాదు, ఆకు ఊగరాదు. గాలి యెవరి మాట వినును? పురుగెవరి మాట వినును?

ఈ చిక్కునకు టీల్ గారు పురుగుల స్వభావములోనే ఉపాయము వెదకెను. మనుష్యుని దేహము చలిలోను ఎండలోను ఒకే వెచ్చదనము గలిగియుండును. పురుగున కట్లు కాదు. చుట్టునున్న గాలి చల్లబడినచో దాని దేహమును చల్లబడును, కదలిక మందగించును. కనుకనే వేకువను మంచుబిందువులతో గడ్డిపరకపై నున్న తూనీగ చేయి చాచినను ఎగురదు. ఎండ యెక్కినపిమ్మట దానిని పట్టుట యెవ్వరి తరము? ఆయన కొన్ని పురుగులను కొంతసేపు రెఫ్రిజిరేటరులో నుంచి, మందగించిన పిమ్మట వెలుపలికి తీసి, ఆకుపై నిలిపి, మరల చురుకుదనము రాకమునుపే చిత్రము తీసెడివాడు. పిమ్మట అది తన దారిని తాను పోవును.

ఇందులో మనకు పనికివచ్చు సంగతులు రెండు. మొదటిది, చేనిలోని పురుగులను చూచుటకు తగిన వేళ వేకువ. పది గంటలకు చేనికి పోయినవానికి తెగులు కనబడును గాని తెగులును తినువారందరును కనబడరు. రెండవది, చిత్రము తీయువాడు తొందరపడలేడు. కదలక గంటసేపు కూర్చున్నవానికి ఆ పురుగు ఏమి తినుచున్నదో, దాని నేది తినుచున్నదో తెలియకపోదు.

గొల్లభామ నే తీసికొందము. ముందరికాళ్లు ముడుచుకొని దండము పెట్టుచున్నట్లుండు ఈ పురుగును టీల్ గారు మిక్కిలి శ్రద్ధతో చిత్రించెను. అది మిత్రమా, శత్రువా? మిడుతను పట్టి తినును, గొంగళిని తినును. అట్లే తేనెటీగ చిక్కినను విడువదు. చేనిలోని ప్రాణులన్నియు మనకు జీతగాండ్రు కావు. వానివాని బ్రదుకు తెరువు వానిది. వాని లెక్క తెలిసికొని మన లెక్క సరిచూచుకొనుటయే వివేకము.

ఉద్యోగము మానుట

పదుమూడేండ్లు పత్రికలో పనిచేసి, 1941 అక్టోబరు 15వ తేదీన టీల్ గారు ఆ యుద్యోగమును మానివేసెను. ఆ దినమును తన స్వాతంత్ర్య దినమని చెప్పుకొనెడివాడు. నెలజీతము పోయినది. భార్యయు, పదునారేండ్ల కుమారుడును గలరు. రెండు మాసములు తిరుగకముందే అమెరికా యుద్ధమున దిగినది. అయినను ఆయన వెనుదిరుగలేదు. తన బాల్యపు పొలమును గూర్చి 'డ్యూన్ బాయ్' అను పుస్తకమును 1943లో ప్రకటించెను. పుస్తకములవలనను చిత్రములవలనను కుటుంబమును పోషించుకొనెను.

1945వ సంవత్సరపు హెచ్చరిక

ఇక మన చేలకు మిక్కిలి దగ్గరగా వచ్చు సంగతి. డి.డి.టి. అను మందునకు పురుగులను చంపు శక్తి గలదని 1939లో స్విట్జర్లాండు దేశీయుడైన పాల్ ముల్లర్ కనుగొనెను. యుద్ధకాలమున పేలవలన వ్యాపించు టైఫస్ జ్వరమును ఈ మందు అణచెను. దానివలన బ్రదికిన వారనేకులు. ముల్లరునకు 1948లో నోబెల్ బహుమానము వచ్చెను. యుద్ధము ముగియుచుండగా, ఇక పొలములలోను దొడ్లలోను పురుగన్నదే మిగులదని అమెరికా ప్రజలు సంతోషించుచుండిరి.

ఆ సమయమున, మందు సామాన్య జనులకు అంగళ్లలో దొరకుటకు ముందే, 1945 మార్చి నెలలో టీల్ గారు ఒక ప్రకృతి పత్రికలో దానిని గూర్చి వ్యాసము వ్రాసెను. ఈ మందు వరమును కావచ్చును, ముప్పును కావచ్చునని ఆయన చెప్పెను. పురుగులలో నూటికి తొంబదివంతులు మేలైనవే. మంచిచెడుల నెంచక అన్నిటిని చంపు మందును విచ్చలవిడిగా చల్లినచో ప్రకృతిలోని కట్టుబాటంతయు తలక్రిందులగునని ఆయన వాదము. ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు కాడు. అయినను సంవత్సరముల తరబడి ఒక తోటలో కూర్చుండి, ఏది దేనిని తినునో కన్నులార చూచినవాడు. అందువలననే ఆ మాట అంత ముందుగా చెప్పగలిగెను.

రేచెల్ కార్సన్ అను శాస్త్రజ్ఞురాలికి ఆయన మిత్రుడు. మందుల విచ్చలవిడి వాడుకను గూర్చి ఆమె 'సైలెంట్ స్ప్రింగ్' అను గ్రంథమును 1962లో ప్రకటించినది. ఆ కార్యమున ఆయన ఆమెను ప్రోత్సహించెను. అమెరికాలో 1972లో డి.డి.టి. వాడుక నిషేధింపబడెను. మన దేశమున వ్యవసాయమునకు దానిని వాడుట 1989లో నిషేధింపబడెను.

మందు కొట్టిన చేనికి తెగులు మరల ఏల వచ్చును? లెక్క సులభము. పేనుకు మగదానితో పనిలేకయే సంతానము కలుగును. పుట్టిన పిల్ల వారము పది దినములలో తానును తల్లి యగును. ఆకుముడుతలో ఒక్కటి మిగిలినను చాలును. దానిని తిను అక్షింతల పురుగునకు గ్రుడ్డునుండి పెద్దదగుటకు మూడు వారములు పట్టును. అదియు తిండి దొరకిన చోటనే గ్రుడ్లు పెట్టును. కనుక మందు ఉభయులను చంపినచో మొదట లేచునది శత్రువే. అది లేచిన పిమ్మటగాని మిత్రుడు రాడు. ఆ నడిమి దినములలో చేను నాశనమగును. నా చిక్కుడు పాదుల కథ ఇదియే.

మన ప్రాంతమునను ఈ పాఠము పెద్ద వెలకు దొరికినది. 1980 నాటి దశకమున గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి చేలలో తెల్లదోమ విరుచుకొనిపడినప్పుడు, పైరిత్రాయిడ్ జాతి మందులను మితిమీరి కొట్టుటయు దానికొక కారణమని తేలినది. కొట్టినకొలది దోమ పెరిగెను, దోమతోబాటు అప్పు పెరిగెను. ఆ యిండ్లలో కొన్నిట జరిగిన దుఃఖమును ఇక్కడ వ్రాయను. పెద్దవారు ఎరుగుదురు.

కడపటి సంవత్సరములు

ఆ హెచ్చరిక వెలువడిన 1945 మార్చి నెలయే టీల్ గారి గృహమున చీకటి నెల యయ్యెను. ఆయన ఏకైక పుత్రుడు డేవిడ్ జర్మనీ యుద్ధభూమిలో మరణించెను. కొంతకాలమువరకు ఆచూకి లేదనియే తలిదండ్రులకు తెలిసెను.

1947లో ఆ దంపతులు కారులో బయలుదేరి, వసంత ఋతువు దక్షిణమునుండి ఉత్తరమునకు సాగు దారి వెంబడి, ఫ్లోరిడానుండి కెనడా సరిహద్దువరకు 17,000 మైళ్లు ప్రయాణము చేసిరి. ఆ యాత్రయే 1951లో 'నార్త్ విత్ ది స్ప్రింగ్' అను గ్రంథమయ్యెను. తక్కిన ఋతువులను గూర్చి మూడు గ్రంథములు పిమ్మట వచ్చెను. నాలుగింటిని డేవిడ్ జ్ఞాపకార్థము అంకితమిచ్చిరి. చలికాలమును గూర్చినదానికి 1966లో పులిట్జర్ బహుమానము లభించెను. ప్రతి యాత్రయందును నెల్లీ గారు భర్త వెంట నుండిరి. పక్షుల కూతలను గుర్తించుటలో ఆమె మిక్కిలి నేర్పరి.

1959లో వారు కనెక్టికట్ రాష్ట్రమున హాంప్టన్ అను గ్రామము చెంత ఒక పాత పొలమును కొని, ట్రెయిల్ వుడ్ అని పేరు పెట్టి, అక్కడ స్థిరపడిరి. 1980 అక్టోబరు 18వ తేదీన టీల్ గారు కాలధర్మము నొందెను. నెల్లీ గారు 1993లో గతించిరి. ఆ పొలము అచ్చటి ఆడుబాన్ సంఘమునకు చేరినది.

మనము చేయదగిన పనులు

టీల్ గారి కెమెరా వంటిది మనకు లేదని యెవ్వరును అనరాదు. ఇప్పుడు ఇంటింట ఉన్న చేతిఫోనుతో ఆయన నాడు పడిన కష్టములో నాలుగవవంతైన లేకుండ పురుగు చిత్రము తీయవచ్చును. ఈ క్రింది పనులను సభ్యులందరు చేసి చూడవలెనని కోరుచున్నాను.

1. వారమునకు రెండు దినములు తెల్లవారుజామున చేనికి పోయి, గట్టు దగ్గర ఒకచోట, నడుమ ఒకచోట, పది నిమిషములైనను కదలక కూర్చుండి చూడుడు. ఆకు అడుగుభాగమును తిరుగవేసి చూడుడు.

2. తెలియని పురుగు కనబడినచో ముందు ఫోనుతో చిత్రము తీయుడు. ఏ పైరుపై, ఏ తేదీన, ఏమి చేయుచుండగా చూచితిరో వ్రాసికొనుడు. సంఘమునకు వచ్చినప్పుడు చూపుడు. నాకు తెలిసినచో చెప్పెదను. తెలియనిచో తెలియదనియే చెప్పి, తెలిసినవారి నడిగి చెప్పెదను.

3. ఆ పురుగునే ఒక గాజుసీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, దినమును ఆకును పేనును కూడ వేయుడు. ఆకు తినునదో, పేను తినునదో మూడు దినములలో తెలియును.

4. గొంగళిపురుగుపై గాని దాని ప్రక్కన గాని బియ్యపు గింజలవంటి చిన్న తెల్లని గూళ్లు కనబడినచో, అవి గొంగళి గ్రుడ్లని నలుపకుడు. గొంగళి దేహమున పెరిగి దానిని చంపు చిన్న కందిరీగల గూళ్లవి. అట్టి గొంగళిని అట్లే విడువుడు.

5. గట్లపై బంతి, నువ్వు మొదలైన పూలమొక్కలను కొన్ని పెంచుడు. మేలుచేయు చిన్న యీగలకు పూతేనె తిండి. టీల్ గారు కౌలిచ్చి పెంచిన తోటను మనము గట్టుమీదనే కౌలు లేకుండ పెంచుకొనవచ్చును.

మందు అసలు వాడరాదని నేను చెప్పుట లేదు. తెగులు హద్దు మీరినప్పుడు వాడవలసియే వచ్చును. అప్పుడును ఏ పురుగునకు ఏ మందో, ఎంత మోతాదో తెలిసి వాడవలెను. కాని స్ప్రేయరు భుజమున కెత్తుటకు ముందు చేనిని చూచితిమా లేదా అన్నదే ప్రశ్న. ఆ చిక్కుడు రైతు ఇప్పుడు నాకంటె బాగుగా చూచును. క్రిందటి నెలలో మొసలిపిల్ల వంటి పురుగును ఆకుపై నుంచుకొని తెచ్చి, ప్రక్క పొలము కుఱ్ఱవానికి దాని పేరు చెప్పుచుండగా నేను విని, నోరెత్తక నిలుచుంటిని.